గాజు పలకల్లో దక్కన్: రాజా దీన్ దయాళ్ ఫోటోల పరిరక్షణ

లాలా దీన్ దయాళ్, తర్వాతి రోజుల్లో రాజా దీన్ దయాళ్ (1844–1905), ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. చార్మినార్, అమీర్ల దేవిడీలు, ఎల్లోరా గుహలు, ఓరుగల్లు శిథిలాలు, వైస్రాయిల వేట శిబిరాలు, కరువు పనుల్లో చేరిన జనం... నూట ఇరవై, నూట నలభై ఏళ్ళ కిందటి దక్కన్‌ను ఇవాళ కళ్ళారా చూడగలుగుతున్నామంటే చాలామటుకు ఆయన స్టూడియో చలవే. ఆ పని ఇప్పుడు మూడు రూపాల్లో మిగిలి ఉంది: గాజు నెగటివులు, కాగితం మీది ప్రింట్లు, అప్పటి పుస్తకాల్లో అచ్చయిన బొమ్మలు. ఒక్కోటి ఒక్కో తీరున పాడవుతుంది. పైగా ఇవి ఒకచోట లేవు. నెగటివుల పెద్ద నిధి ఢిల్లీలో, పేరున్న ఆల్బములు లండన్‌లో, ఆ ఫోటోల్లోని ఊళ్ళూ కట్టడాలూ తెలంగాణలో, మహారాష్ట్రలో, కర్ణాటకలో, మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. పరిరక్షణ అనగానే చలువ గది, స్టీలు బీరువా గుర్తుకొస్తాయి. వాటికీ ఈ వ్యాసంలో చోటుంది. అయితే పలకకూ ప్రింటుకూ ఊరికీ మధ్య తెగిన లంకె కలపడం అంతకంటే కష్టమైన పని. దాని మీద మన దగ్గర పెట్టిన శ్రద్ధ తక్కువ.

ఇంజినీరు కచేరీ నుంచి నిజాం కొలువుకు

దీన్ దయాళ్ మీరట్ దగ్గరి సర్ధనాలో నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ కచేరీలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టింది 1874లో. అప్పటికి ముప్పై ఏళ్ళ వయసు, ప్రభుత్వోద్యోగం. కట్టడాల ఫోటోల్లో ఆయన స్తంభాలు వంగవు, మెట్ల వరసలు చెదరవు. స్కేలూ పెన్సిలూ పట్టి నక్షాలు గీసిన చేయి అక్కడ కనబడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, మధ్య భారత ఏజెంటు సర్ హెన్రీ డాలీ ఆయన్ని ప్రోత్సహించారు. 1875–76లో వేల్స్ యువరాజు భారత పర్యటన ఫోటోలు తీసే అవకాశం వచ్చింది. డాలీ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882–83లో బుందేల్‌ఖండ్ పర్యటనకు వెంట తీసుకెళ్ళాడు. ఆ తిరుగుళ్ళ ఫలితంగా గ్వాలియర్, ఖజురహో, సాంచి కట్టడాలతో 1886లో ఒక పెద్ద గ్రంథం వెలువడింది. 1885లో వైస్రాయి డఫరిన్ తన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకున్నాడు. దాదాపు అదే సమయంలో నిజాం కొలువు పిలిచింది. దీన్ దయాళ్ మకాం దక్కన్‌కు మారింది.

సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెనీ–లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. 1896లో బొంబాయి శాఖ వచ్చింది. మంచి రోజుల్లో ఈ సంస్థలో యాభై మందికి పైగా పనిచేసేవారని చెబుతారు. నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. విక్టోరియా రాణి తన ఫోటోగ్రాఫర్‌గా గుర్తించింది. 1905 జులై 5న బొంబాయిలో కన్నుమూశాడు. కొడుకుల్లో ధరమ్ చంద్ అంతకు ముందు ఏడే పోయాడు, గ్యాన్ చంద్ హైదరాబాదు వ్యవహారాలు చూశాడు.

యాభై మంది పనివాళ్ళు, కొడుకులు, మూడు ఊళ్ళలో శాఖలు. అంటే ‘దీన్ దయాళ్ ఫోటో’ అని మనం అనేది చాలాసార్లు ఆ స్టూడియో ఫోటో. 1905 తర్వాత కూడా ‘రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్’ పేరుతో పని సాగింది. క్లార్క్ వార్స్‌విక్ 1980లో తెచ్చిన పుస్తకం 1884 నుంచి 1910 వరకు ఫోటోలను ఆయన పేరునే ప్రకటించింది. ఎవరు కెమెరా వెనక నిలబడ్డారు, ఎవరు పలకకు పూత పూశారు, ఎవరు ఎండలో ప్రింటు ఫ్రేములు తిప్పారు అన్నది సంగ్రహాల కేటలాగుల్లో దొరకదు. ఫోటోగ్రాఫర్ పేరు రాయాల్సిన గడిలో ‘స్టూడియో’ అన్న మాట చేర్చడం చిన్న పనే గానీ, న్యాయమైన పని.

పలక చేతికి వస్తే

గాజు నెగటివ్ చేతికి రాగానే ముందు తెలిసేది బరువు. 10×12 అంగుళాల పలక, రెండు మిల్లీమీటర్ల మందం గాజైతే, సుమారు 400 గ్రాములు తూగుతుంది. యాభై పలకల పెట్టె ఇరవై కిలోలు. ఒక వైపు నిగనిగలాడుతూ ఉంటుంది, అది ఉత్త గాజు. రెండో వైపు కాస్త మసకగా ఉంటుంది, బొమ్మ ఉన్నది అటే. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నల్ల షేర్వానీ తేటగా, తెల్ల పగిడీ కారునల్లగా కనిపిస్తాయి. ఆ కాలపు స్టూడియో పలకల మీద మొహాల దగ్గర వాలుగా చూస్తే సన్నని పెన్సిల్ గీతలు కనబడతాయి. ముడతలు తగ్గించడానికి, కళ్ళ కింద నీడ పోగొట్టడానికి టచింగ్ చేసిన చేతి గుర్తులవి. కట్టడాల పలకల్లో ఆకాశం భాగం మీద ఎర్రటి రంగో నల్ల కాగితమో అంటించి ఉంటుంది. లేకపోతే ప్రింటులో ఆకాశం మచ్చలు మచ్చలుగా వచ్చేది. అంచున సంఖ్య, ఒక్కోసారి ఊరి పేరు. ప్రింటులో అక్షరాలు సరిగా రావాలంటే బొమ్మ ఉన్న వైపు వాటిని అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. ఆ పని రోజంతా చేసే మనిషి ఒకరు ఉండి తీరాలి.

దీన్ దయాళ్ మొదలుపెట్టిన రోజుల్లో వాడుకలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజుకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆరక ముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే డెవలప్ చేయాలి. పది పదిహేను నిమిషాల్లో అంతా అయిపోవాలి. ఎండాకాలంలో అంత వ్యవధి కూడా ఉండదు. అందుకే ఫోటోగ్రాఫర్ వెంట డేరా, రసాయనాల పెట్టెలు, నీళ్ళు, మోసే కూలీలు వెళ్ళేవారు. 1871లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూత పద్ధతిని ప్రకటించాక, ఆ దశాబ్దం చివరికి తయారీ డ్రై ప్లేట్లు బజార్లోకి వచ్చాయి. పలకలు ముందే తెచ్చిపెట్టుకోవచ్చు, తీసి ఇంటికొచ్చాక డెవలప్ చేయొచ్చు. నిజాం కవాతులు, గుర్రాల దూకుడు, విందుల హడావుడి ఫోటోల్లోకి రాగలిగింది ఈ మార్పు వల్లే.

పరిరక్షకుడికి ఈ తేడా చరిత్ర పాఠం మాత్రమే కాదు. కొలోడియన్ పలకకు పైన వార్నిష్ ఉంటుంది. స్పిరిటు తగిలితే వార్నిష్‌తో పాటు బొమ్మ కూడా లేచిపోతుంది. జెలటిన్ పలకకు నీళ్ళంటే ప్రమాదం, ఉబ్బిపోతుంది. ఏది ఏదో తేల్చుకోకుండా దూది పట్టుకున్నవాడు సాయంత్రానికి ఉత్త గాజు మిగుల్చుకుంటాడు.

గాజు పగులుతుందనే భయం అందరికీ ఉంటుంది. కంటికి కనబడని శత్రువు తేమ. జెలటిన్ తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడి గాలికి ముడుచుకుంటుంది. గాజు ఏమాత్రం మారదు. వానాకాలం ఉబ్బి, వేసవిలో ముడుచుకుని, అలా ఏళ్ళ తరబడి జరిగేసరికి ఎండలో పెట్టిన వడియం అంచులు లేచినట్టు పూత అంచుల దగ్గర లేస్తుంది. తర్వాత పొర పొరగా ఊడుతుంది. అందుకే ఏడాది పొడుగునా గదిలో తేమ 30–40 శాతం మధ్య నిలకడగా ఉండాలంటారు. హైదరాబాదులో శ్రావణ భాద్రపదాల్లో బయట గాలిలో తేమ 70 శాతం సులువుగా దాటుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే ఆఫీసు పద్ధతి ఏసీ లేకపోవడం కంటే కొన్నిసార్లు ఎక్కువ చెరుపు చేస్తుంది. చల్లబడ్డ గాజు మీద చెమ్మ పడుతుంది.

రెండో శత్రువు గాలిలోని ఆవిర్లు. టేకు పెట్టెలు, ప్లైవుడ్ అరలు, కొత్త పెయింటు, చవక కాగితం కవర్లు ఆమ్లాలను, ఆక్సీకరణ వాయువులను వదులుతాయి. దాంతో వెండి అణువులు పూత పైకి పాకి, అంచుల దగ్గర నీలం కలిసిన మెరుపుగా తేలతాయి. పాత పలకను పక్కకు వంచి చూస్తే అద్దంలా మెరిసేది అదే. మూడోది బూజు. జెలటిన్ అంటే జంతు చర్మం, ఎముకల నుంచి తీసిన పదార్థం, బూజుకు మంచి మేత. మన ఇళ్ళలో అన్నిటికీ మందు కలరా ఉండలు. ఫోటోల దగ్గర మాత్రం అవి పనికిరావు.

కాగితం కథ

ఆ రోజుల్లో ప్రింటు నెగటివ్ ఎంత సైజులో ఉంటే అంతే వచ్చేది. నెగటివ్ కింద కాగితం పెట్టి ఎండలో ఉంచడమే పద్ధతి. పెద్ద ప్రింటు కావాలంటే పెద్ద పలక, దానికి తగ్గ పెద్ద కెమెరా. కాగితానికి ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొన పూసి, సిల్వర్ నైట్రేట్‌తో సిద్ధం చేస్తే అది అల్బుమిన్ కాగితం. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్–ఎవ్రార్ ప్రకటించిన ఈ పద్ధతి నలభై ఏళ్ళు ప్రపంచాన్ని ఏలింది. ప్రింటు తేలాక బంగారు లవణంలో ముంచి రంగు ముదర్చేవారు. పాత ఫోటోల్లో కనిపించే ఊదా, చాక్లెట్ ఛాయ అక్కడిది.

అల్బుమిన్ ప్రింటు ముసలిదయ్యే తీరు చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. తెల్లటి భాగాలు పసుపెక్కుతాయి, వెలుతురు పడిన చోట వివరాలు ముందుగా మాయమవుతాయి. తెల్ల చొక్కా మడతలు, మసీదు గోడ గార పని, వేసవి ఆకాశం మొదట పోతాయి. ముదురు నీడలు చివరిదాకా నిలుస్తాయి. అందుకే ఒకే పలక నుంచి తీసిన రెండు ప్రింట్లను పక్కపక్కన పెడితే, ఒకదాంట్లో గుమ్మటం మీది పూలు కనిపిస్తాయి, ఇంకోదాంట్లో ఉత్త పసుపు మరక. పసుపును కంప్యూటరులో తీసేయొచ్చు, పోయిన వివరాన్ని తిరిగి తేలేం. నెగటివ్ ఉంటే ఆ వివరం అందులో దొరుకుతుంది. పలకకు విలువ అందుకే.

1886 నాటి మధ్య భారత కట్టడాల గ్రంథం మరో కోవకు చెందింది. అందులోని బొమ్మలు ఆటోటైప్ పద్ధతిలో అచ్చయ్యాయి. ఆ బొమ్మ వెండితో ఏర్పడింది కాదు, నిలకడైన రంగుపొడితో ఏర్పడింది. కాబట్టి కాగితం ఉన్నంతకాలం బొమ్మ వెలిసిపోదు. ఖజురహో శిల్పాలను అప్పటి స్థితిలో చూడాలనుకునేవారికి పాడైన ఆల్బము కంటే ఆ పుస్తకమే నమ్మకమైన సాక్షి.

ఎక్కడ ఏమున్నాయి

న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను కొన్నది. ఒకే చోట ఉన్న ఆయన పనిలో ఇదే ముఖ్యమైన నిధి. 2010లో ఆ కేంద్రం వీటి ఆధారంగా పెద్ద ప్రదర్శన పెట్టింది. అంతకు ముందు 2006లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు విడుదల చేసింది.

ప్రింట్ల దారి వేరు. నిజాం ప్రభుత్వం, రెసిడెన్సీ, అమీర్లు ఆల్బములు కట్టించి అతిథులకు కానుకగా ఇచ్చేవారు. అలా వైస్రాయి కర్జన్‌కు చేరినవి ఆయన సేకరణతో పాటు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో 1892 తేదీతో నిజాం రాజ్యపు దృశ్యాల సంపుటాలు మనకు ముఖ్యం. ఢిల్లీ అల్కాజీ సేకరణలో, లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో, టొరంటోలోని రాయల్ అంటారియో మ్యూజియంలో మరికొన్ని. టొరంటో మ్యూజియం 2013లో ఆయన మీద ప్రదర్శన పెట్టింది. అదే కాలంలో డెబోరా హటన్, దీపాలీ దివాన్ కలిసి రాసిన పుస్తకం ఈ స్టూడియో పనితీరును వివరంగా పరిశీలించింది. హైదరాబాదు సంగతికొస్తే, చౌమహల్లా ప్యాలెస్ గోడల మీద పాత ఫోటోలు చూడొచ్చు. నరేంద్ర లూథర్ 2003లో రాసిన జీవితచరిత్ర నగరవాసి కలం నుంచి వచ్చింది.

ఆయన జీవితంలో ఎక్కువ పని జరిగిన నగరంలో, ఆయన పని మొత్తాన్ని కనీసం నకళ్ళుగానైనా ఒక బల్ల మీద పరిచి చూసే చోటు ఉండాలి. అసలు పలకలు ఢిల్లీలో భద్రంగా ఉంటే అక్కడే ఉండనీ. హైదరాబాదుకు కావలసింది నాణ్యమైన నకళ్ళు, వాటితో పాటు వివరాల పట్టిక.

దీన్ దయాళ్ కంటే ముందు తెలుగు ప్రాంతపు సంపదను కెమెరాలో బంధించిన వారిలో లిన్నియస్ ట్రైప్ ఒకడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను 1858 ప్రాంతంలో ఫోటోలు తీశాడు. 1859లో ఆ శిల్పాల్లో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. ఓడ ఎక్కకముందు వాటి స్థితి ఎలా ఉందో చెప్పేది ఆ ఫోటోలే. అయితే ట్రైప్ ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి, ప్రభుత్వం డబ్బుతో ప్రభుత్వానికి తీసి పెట్టాడు, కాగితాలన్నీ ప్రభుత్వ దస్త్రాల్లో నిలిచాయి. వ్యాపార స్టూడియోకు ఆ వెసులుబాటు లేదు. దుకాణం మూతపడితే పలకలు వారసుల ఇంటి అటక మీదికి చేరతాయి.

కాపాడే పని

పలకల పెట్టె తెరిచాక మొదటి రోజు చేయాల్సింది ఏమీ తుడవకపోవడం. ఏ పలక ఏ వరసలో ఉందో, ఏ పాత కవరు మీద ఏం రాసుందో ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసుకోవాలి. చిరిగిన కవరు మీది పెన్సిల్ రాత ఒక్కోసారి ఊరి పేరుకు మిగిలిన ఏకైక ఆధారం. పాత కవర్లను పారేసి కొత్తవి తొడిగి, తర్వాత నెత్తి కొట్టుకున్న సంస్థలు లేకపోలేదు.

తుడవడం కూడా మితంగానే. గాజు వైపు మెత్తని బట్టను లేదా దూదిని కొద్దిగా తడిపి, ఎక్కడా నీరు అంచు దాటి బొమ్మ వైపు పోకుండా తుడుస్తారు. బొమ్మ వైపు ఊదే బల్బు, మెత్తని బ్రష్ అంతే. పెన్సిల్ టచింగు, ఎర్ర రంగు, అంటించిన నల్ల కాగితం జోలికి పోకూడదు. ‘మురికి’ అనుకుని వాటిని కడిగేస్తే స్టూడియో పనితనానికి మిగిలిన సాక్ష్యం పోతుంది.

కవరుకు జిగురు అతుకు ఉండకూడదు. అతుకు దగ్గర తేమ చేరి పలక మధ్యలో నిలువు చార పడుతుంది. నాలుగు రెక్కలు మడిచే కాగితపు తొడుగు వాడతారు. ఆ కాగితం ఫోటోకు హాని చేయదని తేల్చే ప్రత్యేక పరీక్ష ఒకటుంది. పలకలను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, కింది పలక బరువుకు పగులుతుంది. పొడుగు అంచు మీద నిలబెట్టి, పెట్టెలో ఖాళీ మిగిలితే అట్టముక్కలతో నింపాలి. పగిలిన పలకలు మాత్రం విడిగా, పడుకోబెట్టి, ముక్కలు రాసుకోకుండా మధ్యలో సన్నని అడ్డుపట్టీలతో. టేపుతో అతికించడం అన్నది మరిచిపోవాలి. పెట్టెలకు పౌడర్ కోటింగ్ వేసిన స్టీలు అరలు నప్పుతాయి. ఒక్కో పెట్టె మీద బరువు రాయాలి. ఎత్తబోయి వదిలేసిన పెట్టె నష్టం బూజు కంటే పెద్దది.

స్కానింగ్ దగ్గర మన సంస్థలు తొందరపడతాయి. ఎన్ని వేల బొమ్మలు ‘డిజిటైజ్’ చేశామన్నది నివేదికలో బాగా కనబడుతుంది కదా. పలకను సమంగా వెలిగే లైట్ బల్ల మీద పెట్టి, పైనుంచి కెమెరాతో తీయడం ఇప్పటి పద్ధతి. ఒకసారి కింది వెలుతురుతో, ఇంకోసారి పైనుంచి వాలు వెలుతురుతో. మొదటిదాంట్లో బొమ్మ, రెండోదాంట్లో టచింగు, పగుళ్ళు, రాతలు. అంచులతో సహా పలక మొత్తం రావాలి. బొమ్మ బాగా కనిపించాలని అంచులు కత్తిరిస్తే సంఖ్య పోతుంది. దిద్దని అసలు ఫైలును టిఫ్ రూపంలో దాచి, నెగటివ్‌ను పాజిటివ్ చేసినది వేరే ఫైలుగా ఉంచాలి. ఈ మధ్య పాత హైదరాబాదు ఫోటోలకు యంత్రం చేత రంగులు వేయించి ఫోన్లలో తిప్పుతున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ షేర్వానీ పచ్చదో నీలమో యంత్రానికి తెలియదు, చూసేవాడు మాత్రం నమ్మేస్తాడు.

సంఖ్య, శీర్షిక, ఊరు

1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాం రాజ్యానికి వేటకు వచ్చారు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర శిబిరంలో చచ్చిన పులి పక్కన వాళ్ళిద్దరూ ఉన్న ఫోటో దీన్ దయాళ్ స్టూడియోదే. ప్రపంచమంతా తిరిగిన బొమ్మ అది, వలస పాలన గురించి రాసిన పుస్తకాల్లో తరచూ కనబడుతుంది. శీర్షికలో ప్రభువు పేరుంది, దొరసాని పేరుంది, శిబిరం పేరుంది. పులిని తుపాకీ ముందుకు తోలుకొచ్చిన పల్లెల వాళ్ళ పేర్లు లేవు. నెక్కొండ అన్న మాట ఇంగ్లీషు స్పెల్లింగులో ఉండడం వల్ల పరాయి దేశపు పాఠకుడికి అదొక అడవి పేరు. విజయవాడ వైపు రైల్లో వెళ్ళే మనకు ఒక స్టేషను.

కేటలాగు పని ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషు శీర్షికను మార్చకూడదు, అదీ చరిత్రే. దాని పక్కన ఊరి ఇప్పటి పేరు, జిల్లా, కట్టడం ఇప్పుడుందా లేదా, బొమ్మలోని దుస్తులు, వాద్యాలు, బండ్ల పేర్లు స్థానిక భాషల్లో చేర్చాలి. ఈ వివరాలు ఢిల్లీలో కూర్చుంటే తెలియవు. ఓరుగల్లు కోట తోరణాల మధ్య ఏ దిక్కు నుంచి తీసిన ఫోటోనో అక్కడి మట్టెవాడలో పెరిగిన వాడు చిటికెలో చెబుతాడు.

కరువు ఫోటోల సంగతి ఇంకా సున్నితం. 1890 దశకం చివర్లో, తర్వాతి రెండు మూడేళ్ళలో ఔరంగాబాద్ ప్రాంతంలో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయక పనులను ఈ స్టూడియో ఫోటోలు తీసింది. డబ్బిచ్చి తీయించింది ప్రభుత్వమే గనుక అవి ప్రభుత్వం చేసిన మేలును చూపించాలి. వరసగా నిలబెట్టిన కూలీల డొక్కలు మాత్రం వేరే కథ చెబుతాయి. వీటిని గ్యాలరీ గోడకు అందంగా తగిలించేటప్పుడు ఎవరు, ఎందుకు తీయించారన్నది పక్కన రాయడం పరిరక్షణలో భాగమే.

పాత హైదరాబాదును అర్థం చేసుకోవడానికి ఇవి తిన్నగా అక్కరకొస్తాయి. అమీరు సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇవాళ లేదు, ఆ పేరు ట్రాఫిక్ సిగ్నల్‌కు మిగిలింది. దాని డ్రాయింగ్ రూము షాండ్లియర్లు, తివాచీలు, కుర్చీల వరస దీన్ దయాళ్ ఫోటోలో ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద నది ఒడ్డును తుడిచిపెట్టింది. వరదకు ముందు తీసిన ఫోటోల్లో ఒడ్డు వెంబడి ఇళ్ళు ఎంత దగ్గరగా ఉండేవో చూస్తే ఆ ప్రాణనష్టం ఎందుకంత జరిగిందో బోధపడుతుంది. చార్మినార్ గార పని మరమ్మతు చేసేవారికైనా, ఫలక్‌నుమా గదుల అలంకరణ పునరుద్ధరించేవారికైనా నూరేళ్ళ కిందటి పెద్ద సైజు నెగటివ్ కొలత టేపు లాంటి ఆధారం.

హక్కుల చిక్కు ఈ ఫోటోలకు అంతగా లేదు. 2012 సవరణకు ముందు భారత కాపీరైటు చట్టం ప్రకారం ప్రచురితమైన ఫోటోకు రక్షణ 60 ఏళ్ళు ఉండేది. దీన్ దయాళ్ కాలపు ప్రచురణలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. మంచి నకలు ఇవ్వడానికి సంస్థలు రుసుము అడుగుతాయి, అది సేవకు రుసుము. చిన్న పత్రికలు, బడి పుస్తకాలు ఆ రుసుము భరించలేక ఫోన్లలో తిరిగే మసక బొమ్మలనే అచ్చేసుకుంటున్నాయి. ప్రజల డబ్బుతో కొన్న పలకల నుంచి తీసిన నకళ్ళు ప్రజలకు ఉచితంగా అందడమే సబబు.

ఇళ్ళలో మిగిలినవి

జనానా స్టూడియోలో తీసిన ఫోటోలు బజారులో అమ్మకానికి తీసినవి కావు. వాటిని ఇంట్లోవాళ్ళే చూడాలి, ఇంట్లోనే ఉండాలి. కాబట్టి సంస్థల పట్టికలు చూసి ఈ స్టూడియో పనిని అంచనా వేస్తే ఆడవాళ్ళ సగం లెక్కలోకి రాదు. పాత హైదరాబాదు, సికింద్రాబాదు కుటుంబాల పెట్టెల్లో మందపాటి అట్టకు అంటించిన గోధుమ రంగు ఫోటో దొరికితే ముందు అట్ట చూడాలి. కింది అంచులోనో వెనకవైపో స్టూడియో పేరు, బిరుదులు, శాఖల ఊళ్ళు అచ్చయి ఉంటాయి. బొంబాయి పేరుంటే అది 1896 తర్వాతది. అట్ట చెదలు పట్టిందనో, పెద్దగా ఉందనో ఫోటోను నీళ్ళలో నానబెట్టి ఊడదీయకూడదు. ల్యామినేషన్ చేయించకూడదు, గోడకు తగిలిస్తే ఎండ పడే గోడకు వద్దు. వెనక పేర్లు రాయాలనుకుంటే మెత్తని పెన్సిల్‌తో, అట్ట అంచున, బొమ్మ మీద ఒత్తిడి పడకుండా. అమ్మమ్మను అడిగి రాసిన ఆ పేరు వెంట ఆమెకు ఎవరు చెప్పారో కూడా ఒక ముక్క రాస్తే, రేపు కేటలాగు తయారుచేసేవారికి అది పనికొస్తుంది.